పదకొండు నిమిషాల అప్‌డేట్

హానోవర్
8 మార్చి 2025, శనివారం

సాయి బావగారికి,

ఫోన్ ఎత్తితే అయిదు నిమిషాల్లో మనిద్దరి గొంతులూ లేస్తున్నాయనీ, ఇకమీదట ఏదున్నా రాసుకోమనీ మీ చెల్లెలు ఆర్డర్ వేసింది. మనోజ్ఞ మాట ఈ ఇంట్లో చట్టం కాబట్టి రాస్తున్నాను. ఒక సౌకర్యం ఉంది. ఉత్తరంలో మీరు నా మాటకు అడ్డుపడలేరు.

విషయం నా వెబ్‌సైట్. సైట్‌ని తమ సర్వర్‌లో నడిపే కంపెనీ వాళ్లు మెయిల్ పంపారు. లోపల నడిచే సాఫ్ట్‌వేర్ పాతబడిందట, ఏప్రిల్ ఆఖరులోగా కొత్తది ఎక్కించుకోకపోతే సైట్ ఆగిపోతుందట. లోపలికి వెళ్లి చూస్తే ఎర్ర గుండ్రంలో పద్నాలుగు అని అంకె కనబడుతోంది. పద్నాలుగు అప్‌డేట్లు. సైట్ కట్టిచ్చిన రత్నకుమారి గారు రెండేళ్ల కిందట ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లిపోయి ఈ పనే మానేశారు.

మీకిది చిన్న విషయం. నాకు కాదు. లిండెన్ పేటలో నా రిపేరు గదికి నడిచి వచ్చేవాళ్లు వారానికి ఒకరిద్దరే. మిగతావాళ్లంతా జర్మనీ నలుమూలల నుంచి సైట్‌లో ఫారం నింపి, నేను జవాబిచ్చాక మిక్సీనో గ్రైండర్‌నో పార్సిల్ చేస్తారు. ఇక్కడి మెకానిక్‌లు మన మిక్సీని చూడగానే కొత్తది కొనుక్కోమంటారు. నేను విప్పి చూస్తాను. నరసరావుపేట స్పిన్నింగ్ మిల్లులో పదేళ్లు మెషీన్లు చూసినవాణ్ణి, మనోజ్ఞ ఉద్యోగపు వీసా, ఆ బ్లూ కార్డ్ వెనకాల వచ్చి మొదటి ఏడాది గోడలు చూస్తూ కూర్చున్నాను. ఆ ఏడాది మళ్లీ నాకొద్దు.

ఏది ముందు నొక్కాలో, ఏది నొక్కకూడదో వరసగా రాసి పంపితే నేనే చేసుకుంటాను. చేసిపెట్టమని అడగడం లేదు, నేర్పమంటున్నాను.

శ్రీచరణ్


ఉంటర్‌ఫ్యోరింగ్
మ్యూనిక్ శివారు
11 మార్చి

చరణ్ బావగారికి,

మీ ఉత్తరం మీటింగ్‌లో ఉండగా చదివాను. నవ్వు ఆగక కెమెరా ఆఫ్ చేసుకోవలసి వచ్చింది. పద్నాలుగు అప్‌డేట్లకు ఇంత పెద్ద అర్జీయా? ఆధార్ కార్డులో పేరు మార్పుకి కూడా ఇంత రాయరు.

నేను పదహారు దేశాల్లో నడిచే సైట్లకు బాధ్యుణ్ణి. నా కింద ఇరవైమంది పనిచేస్తున్నారు. మీ సైట్‌లో ఉన్నవి మూడు పేజీలు, నాలుగు ఫోటోలు, అందులో ఒక ఫోటోలో మిక్సీ కన్నా మీ బొటనవేలు పెద్దగా ఉంది. దీన్ని నేర్చుకోవడానికి మీకు ఆర్నెల్లు పడుతుంది. నేర్పడానికి నాకు ఆయుష్షు చాలదు. అడ్మినిస్ట్రేటర్‌గా నా పేరు చేర్చి, పాస్‌వర్డ్ పంపండి. పది నిమిషాల పని.

ఇంకో మాట, చెల్లెలి మొహం చూసి అంటున్నాను. ముప్పై ఏడేళ్ల ఇంజినీరు ఈ దేశంలో జార్ల కింద రబ్బర్లు మార్చుకుంటూ ఎన్నాళ్లు? మొన్న మా గీతిక పుట్టినరోజుకి మీరు మ్యూనిక్ వచ్చినప్పుడు, మా స్నేహితులు మీరేం చేస్తారని అడిగితే టేబుల్ మీద ప్లేటు తోసి మరీ మిక్సీ మోటారు లోపలి కార్బన్ బ్రష్‌ల గురించి చెప్పారు. అన్నం తినేవాళ్లు చేతులు ఆపేశారు. జర్మన్ పరీక్ష రాయండి, ఏదైనా పెద్ద కంపెనీలో చేరండి.

సాయికృష్ణ


హానోవర్
16 మార్చి

బావగారూ,

వాళ్లు చేతులు ఆపింది విసుగుతో కాదు. వాళ్లలో ఇద్దరు ఆ మర్నాడే తమ మిక్సీల ఫోటోలు పంపారు. మీకు చెప్పినట్టు లేరు.

మనోజ్ఞ చెప్పింది కాబట్టి మీ పేరు చేర్చాను. పాస్‌వర్డ్ విడిగా వస్తుంది. కానీ మీరు చెయ్యి పెట్టే ముందు రెండు సంగతులు.

ఒకటి, బ్యాకప్. వారం రోజులుగా చదువుతున్నాను. మిల్లులో మోటారు విప్పే ముందు ఏ వైరు ఎక్కడుందో బొమ్మ గీసుకునేవాళ్లం. గీసుకోకుండా విప్పినవాణ్ణి మా ఫోర్‌మన్ గేటు బయట నిలబెట్టేవాడు. సైట్‌కీ మొత్తం నకలు తీసి వేరేచోట దాచుకోవాలని ఇప్పుడు తెలిసింది. వచ్చే శనివారం నేనే తీస్తాను. అంతవరకు ఆగండి.

రెండోది ముఖ్యం. రత్నకుమారి గారు వెళ్తూ ఒక కాగితం రాసిచ్చారు. సైట్ పైకి కనబడే రూపాన్ని థీమ్ అంటారు కదా, నా ఫారంలో వచ్చిన ఉత్తరాలు నా మెయిల్‌కి చేరే ఏర్పాటు, కింద చట్టం ప్రకారం యజమాని పేరు, అడ్రసు చూపించే ఇంప్రెసుమ్ లింకు, పైన ఫోన్ నంబరు, అన్నీ ఆవిడ ఆ థీమ్ ఫైళ్లలోనే నేరుగా రాశారట. థీమ్ అప్‌డేట్ చేస్తే కొత్త ఫైళ్లు వచ్చి పాతవాటి మీద కూర్చుంటాయి, ఆవిడ రాసినదంతా పోతుంది. ముందు ఆ మార్పుల్ని విడిగా ఒక చైల్డ్ థీమ్‌లోకి తీసి పెట్టుకోవాలట. కాబట్టి థీమ్‌ని వదిలెయ్యండి. మిగతావి కూడా ఒక్కొక్కటే చేసి, ప్రతిదాని తర్వాత సైట్ చూసుకోవాలని రాశారు.

పదహారు దేశాల బాధ్యుడికి ఇవన్నీ చెప్పడం నాకే నవ్వుగా ఉంది. అయినా చెప్పాను.

శ్రీచరణ్


ఉంటర్‌ఫ్యోరింగ్
19 మార్చి

బావగారికి,

లోపలికి వెళ్లి చూశాను. తుప్పు పట్టిన ఇనుప సామాన్ల కొట్టులా ఉంది. మీ ఉత్తరం సగం చదివాను, ఫోర్‌మన్ తర్వాతది పైపైన చూసి వదిలేశాను. మిల్లు కబుర్లు చెప్పకుండా మీరు ఒక్క విషయమైనా అడగలేరా?

బ్యాకప్ తీస్తారట. తీయండి, కాలక్షేపం. రత్నకుమారి గారి కాగితం ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకోండి. ఇక్కడ క్వార్టర్ ముగింపు, ఊపిరి సలపడం లేదు. వీలున్నప్పుడు చూస్తాను.

సాయికృష్ణ


హానోవర్
30 మార్చి

బావగారికి,

ఇది తప్పు ఒప్పుకునే ఉత్తరం.

22వ తేదీ శనివారం పొద్దున బ్యాకప్ తీశాను. దానికో చిన్న ప్లగిన్ వేశాను, అంటే సైట్‌కి తగిలించుకునే అదనపు పనిముట్టు. నకలు తీసుకుని హార్డ్ డిస్క్‌లో పెట్టుకున్నాను. ఆ పూట గర్వంగానే ఉంది. మనోజ్ఞకు చూపిస్తే టీ పెట్టి ఇచ్చింది.

సోమవారం సైట్ తెరిచి చూశాను. రంగు మారిపోయింది. ఆకుపచ్చ పోయి ఆసుపత్రి గోడలాంటి నీలం వచ్చింది. పైన ఫోన్ నంబరు లేదు. కింద ఇంప్రెసుమ్ లింకు లేదు. అది లేకపోతే ఏ లాయరు నుంచి నోటీసు వస్తుందోనని భయపడి, ఆ రోజంతా కూర్చుని ఇంప్రెసుమ్ పేజీని తిరిగి కలిపాను. ఫోన్ నంబరు ఎక్కడ పెట్టాలో దొరకలేదు. ఫారం మాత్రం ఉంది. నింపి పంపితే మీ సందేశం చేరింది అని పచ్చటి టిక్కు వస్తోంది.

ఇంకో వింత. ఎర్ర గుండ్రంలో పద్నాలుగు ఉండేది, ఇప్పుడేమీ లేదు. బ్యాకప్ తీస్తే అప్‌డేట్లు వాటంతటవే అయిపోతాయా? శనివారం నేనేదో నొక్కకూడనిది నొక్కి ఉంటాను. ఏం నొక్కానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

నా దగ్గర పాత నకలు ఉంది కదా. దాన్ని తిరిగి ఎక్కించమంటారా?

శ్రీచరణ్


ఉంటర్‌ఫ్యోరింగ్
2 ఏప్రిల్

బావగారికి,

అనుకున్నంతా చేశారు. ఏది నొక్కారో మీకు తెలియకపోతే మ్యూనిక్‌లో కూర్చున్న నాకెలా తెలుస్తుంది? స్క్రూడ్రైవర్ పట్టుకునే చేతికి మౌస్ ఇస్తే ఇలాగే ఉంటుంది.

నకలు తిరిగి ఎక్కించే సాహసం చేయకండి. ఉన్నది కూడా ఊడుతుంది. అప్‌డేట్లు ఎలాగో అయ్యాయి కదా, సైట్ తెరుచుకుంటోంది కదా, కంపెనీ వాళ్ల గడువు గొడవ తీరింది కదా. నీలం రంగుకి ఏమొచ్చింది? నిజానికి ముందుకన్నా మర్యాదగా ఉంది.

ఇక దాని జోలికి వెళ్లకుండా మీ రబ్బర్లు మీరు మార్చుకోండి.

సాయికృష్ణ


హానోవర్
11 మే

సాయి బావగారికి,

ఇన్నాళ్లు రాయలేదు. రాయడానికి ఏమీ లేదు కూడా.

ఏప్రిల్ నుంచి నా ఫారంలో ఒక్క ఉత్తరం రాలేదు. ముందు వారానికి ఎనిమిదో తొమ్మిదో వచ్చేవి. మొదటి వారం ఈస్టర్ సెలవులనుకున్నాను. రెండో వారం ఎండలొచ్చాయి, ఊళ్లు తిరుగుతున్నారనుకున్నాను. ఆ తర్వాత అనుకోవడానికి ఏమీ దొరకలేదు. ఫిబ్రవరిలో బ్రౌన్‌ష్వైగ్ ఆవిడ ఒకరు, మోటారు మళ్లీ శబ్దం చేస్తోందని అన్నారు. తిరిగి తెప్పించుకుని ఊరికే బాగుచేసి ఇచ్చాను. ఆవిడ పదిమందికి చెప్పి ఉంటుంది. ఇంకేం కారణం కనబడదు.

రోజూ తొమ్మిదింటికి గది తెరుస్తున్నాను. పనిముట్లు తుడుస్తున్నాను. నట్లు సైజులవారీగా డబ్బాల్లో సర్దుతున్నాను. పక్కన కీ కట్టర్ షాపు ఆయన రెండుసార్లు వచ్చి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

మీరు మొదట్నుంచీ అంటున్నదే నిజం. ఈ దేశానికి మిక్సీ బాగుచేసేవాడు అక్కర్లేదు. ఏప్రిల్ 30న గది యజమానికి క్యూండిగుంగ్, అంటే ఖాళీ చేస్తానన్న నోటీసు, ఇచ్చేశాను. జూలై ఆఖరుకి ఖాళీ చేయాలి. రేపటి నుంచి పార్సిల్ డిపోలో పొద్దుటి షిఫ్టులో చేరుతున్నాను. పెట్టెలు ఎత్తి బెల్టు మీద పెట్టాలి. దానికి జర్మన్ పరీక్ష కూడా అడగలేదు.

మా రుచితను బడికి తీసుకెళ్తుంటే, పాపా, నీ షాపుకి సెలవులా అని జర్మన్‌లో అడిగింది. ఔనన్నాను. ఎన్ని రోజులు అని అడిగితే, బడి గంట కొట్టేస్తారు పరిగెత్తు అన్నాను.

మీకు ఇబ్బంది కలిగించినందుకు క్షమించాలి.

శ్రీచరణ్


ఉంటర్‌ఫ్యోరింగ్
14 మే

చరణ్ బావగారికి,

మంచి నిర్ణయం. రెండేళ్లు ఆలస్యమైంది, అంతే. షోకు తీరింది కాబట్టి ఇప్పుడు నిజమైన పని గురించి మాట్లాడుకోవచ్చు. పెట్టెలు ఎత్తడం కూడా శాశ్వతం కాదు. ఏదైనా సర్టిఫికెట్ కోర్సు చూసి పంపుతాను.

అందరికీ అన్నీ రావు. బాధపడకండి.

సాయికృష్ణ


హానోవర్
25 మే

శ్రీ సాయికృష్ణ గారికి,

శుక్రవారం మధ్యాహ్నం నేను డిపో నుంచి తిరిగొచ్చేసరికి గది ముందు ఒక పెద్దావిడ మడత కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. బ్రౌన్‌ష్వైగ్ ఆవిడ, ఫ్రావ్ బ్రెన్నెకె. నా పేరు చెడగొట్టి ఉంటుందని నేను మీకు రాసిన మనిషి. ఒళ్లో నలభై ఏళ్లనాటి పిండి కలిపే మెషీన్. తన స్నేహితురాలిది, దాన్ని నా చేతికే ఇవ్వాలని రైలెక్కి వచ్చింది. నన్ను చూడగానే ఒకే మాట అడిగింది: "నేను మీకు మూడుసార్లు రాశాను. మీరు జవాబు ఇవ్వనంత తప్పు నేనేం చేశాను?"

రాలేదన్నాను. ఆవిడ నమ్మలేదు. తన ఫోన్ తీసి నా ముందే ఫారం నింపి పంపింది. పచ్చ టిక్కు వచ్చింది. నా మెయిల్‌కి ఏదీ రాలేదు. మళ్లీ పంపింది. మళ్లీ టిక్కు.

ఆవిడ వెళ్లాక సైట్ లోపలికి వెళ్లాను. ఫారంలో రాసినవన్నీ సైట్ తన దగ్గరే ఒక చోట దాచుకుంటుందట. అక్కడున్నాయి. అరవై మూడు ఉత్తరాలు. నా మెయిల్‌కి చేర్చే ఏర్పాటు థీమ్ ఫైల్లో ఉండేది, ఆ ఫైలు పోయింది, అంతే తేడా. ఇప్పుడు వాళ్లందరికీ నేను జవాబివ్వని పొగరుబోతుని.

చదివాను, వరసగా. లైప్‌జిగ్‌లో ఒకావిడ తల్లి వచ్చేవారం వస్తోంది, దోసెల పిండికి గ్రైండర్ కావాలి, బతిమాలుతున్నానంది. ఆ తల్లి ఈపాటికి వచ్చి వెళ్లిపోయి ఉంటుంది. హాంబుర్గ్‌లో ఒకాయన నాలుగుసార్లు రాసి, నాలుగోసారి, వ్యాపారం చేయడం ఇష్టం లేకపోతే బోర్డు పీకేయండి అన్నాడు. నేను సరిగ్గా ఆ వారమే పీకేశాను.

ఇక అసలు సంగతి. బ్యాకప్ కోసం వేసిన ఆ ప్లగిన్, లోపల ఎవరు ఎప్పుడు ఏం నొక్కారో కూడా రాసిపెడుతుందని నాకు తెలియదు. మీకూ తెలియదు. మార్చి 23, ఆదివారం, సాయంత్రం నాలుగూ పది నుంచి నాలుగూ ఇరవై ఒకటి వరకు. పద్నాలుగు అప్‌డేట్లు, అన్నీ ఒకేసారి ఎంచుకుని. పద్నాలుగోది థీమ్. పక్కన మీ పేరు.

పదకొండు నిమిషాలు. పది అని చెప్పారు, ఒక నిమిషం ఎక్కువైంది.

మీ వల్ల తప్పు జరిగిందని కాదు నా బాధ. నేను నా చేతులతో ఎన్నో మోటార్లు కాల్చేశాను. కాల్చినప్పుడల్లా కాల్చింది నేనేనని చెప్పాను. ఏం నొక్కానో గుర్తు రావడం లేదని నేను రాసిన ఉత్తరం చదివి, స్క్రూడ్రైవర్ పట్టుకునే చెయ్యి అని మీరు జవాబు రాశారు. నకలు ఎక్కించవద్దన్నారు. ఎక్కించి ఉంటే ఆ రోజే అంతా తిరిగొచ్చేది, శనివారం నాటికి అప్‌డేట్లు జరగలేదని తేలి మీరు దొరికిపోయేవారు. మీ పరువు నిలబడడానికి నేను రెండు నెలలు నట్లు సర్దుకున్నాను.

పదహారు దేశాల్లో మీ చేతి కింద ఉన్న సైట్లను తలుచుకుంటే వాటి మీద జాలేస్తోంది.

మనోజ్ఞకు చెప్పలేదు. మీ చెల్లెలికి మీరే చెప్పుకోండి.

శ్రీచరణ్


ఉంటర్‌ఫ్యోరింగ్
28 మే

చరణ్ గారికి,

మనోజ్ఞకు ఇందాకే ఫోన్ చేసి చెప్పాను. అంతా విని, "అన్నయ్యా, ఆయన పెట్టెలు మోసి వచ్చి నడుము పట్టుకుని కూర్చుంటుంటే, వ్యాపారం రాకపోతే పోనీలే అని నేనూ అనుకున్నాను. నాచేత కూడా ఆ మాట అనుకోనిచ్చావు" అంది. పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

ఏం జరిగిందో రాస్తాను. ఆ ఆదివారం గీతికను ఈత క్లాసులో దింపి, అద్దాల వెనక బెంచీ మీద కూర్చున్నాను. చేతిలో ఫోన్ ఉంది. అన్నీ ఎంచుకో అన్న చోట టిక్కు పెట్టి నొక్కేశాను. మొదటి పేజీ తెరిచి చూస్తే తెరుచుకుంది. అయిపోయిందనుకుని ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఆ కాగితంలో ఏముందని మీరు రాశారో సరిగ్గా చదవలేదు. బ్యాకప్ నేనేమీ తీయలేదు. మీరు ముందురోజే తీసి ఉండబట్టి సరిపోయింది.

మార్చి 30 ఉత్తరం చదివిన నిమిషంలోనే తెలిసిపోయింది. రంగు మారిందనగానే తెలిసింది. నేనే చేశానని రాయడం మొదలుపెట్టాను కూడా. రెండు వాక్యాలు రాసి చెరిపేశాను. మిక్సీలు బాగుచేసుకునే మనిషికి, ఈ మనిషికా నేను సారీ చెప్పేది అనిపించింది. ఆ మాట అక్షరాలా అలాగే అనుకున్నాను. దాచి ప్రయోజనం లేదు.

ఇంకోటి కూడా వినండి. నడుస్తున్న సైట్ మీద ఎవరూ నేరుగా అప్‌డేట్ నొక్కకూడదు, ముందు నకలు మీద నడిపి చూడాలి, తర్వాత ఫారం పనిచేస్తోందో లేదో ఉత్తరం పంపి, అవతల చేరిందో లేదో చూసుకోవాలి. మా ఆఫీసులో గోడకున్న ఈ నియమాలు రాసింది నేను. రాసి తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లలో నేను చేసింది నియమాలు రాయడం, పాటించారా అని అడగడం. నా చేత్తో ఒక్కటీ చేయలేదు.

మే 14న అందరికీ అన్నీ రావు అని రాసింది నా గురించే అయి ఉంటుంది.

ఏం చేయమంటారో చెప్పండి. శనివారం రైలుకి వచ్చి సైట్ మొత్తం నేను సరిచేసి పెడతాను.

సాయికృష్ణ


హానోవర్
15 జూన్

సాయి బావగారికి,

మీరు రానక్కర్లేదు. సరిచేసేశాను.

నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. పాత నకలుని బయటివాళ్లకు కనబడని చోట ఎక్కించాను. రత్నకుమారి గారి నంబరు కనుక్కుని అడిగితే ఆవిడ గంటసేపు ఓపిగ్గా చెప్పారు. ఆవిడ రాసిన ముక్కలన్నీ చైల్డ్ థీమ్‌లోకి తీశాను. తర్వాత ఒక్కొక్క అప్‌డేటే చేశాను, చేసిన ప్రతిసారీ ఫారం నింపి మెయిల్ వచ్చిందో లేదో చూశాను. ఆరోదాని దగ్గర పేజీ మొత్తం తెల్లగా అయిపోయింది. వెనక్కి తీసి, దాన్ని వదిలేసి ముందుకెళ్లాను. థీమ్ అన్నిటికన్నా చివర. అంతా నిలబడ్డాకే అసలు సైట్‌కి మార్చాను. మిమ్మల్ని మార్చిలో అడిగిన వరస ఇదే. అప్పుడే రాసి ఉంటే మీకు ఒక పేజీ పట్టేది.

గది మాత్రం పోయింది. యజమాని ఆగస్టు నుంచి గోళ్ల రంగుల షాపుకి ఇచ్చేశాడు, కాగితాలు సంతకాలయ్యాయి. మేముండే బిల్డింగ్ కెల్లర్‌లో, అంటే నేలకింది గదిలో, పని చేసుకోవడానికి ఇల్లు అద్దెకిచ్చిన కంపెనీ వాళ్లతో మాట్లాడేందుకు అపాయింట్‌మెంట్ దొరికింది. ఒప్పుకుంటే సరే. పొద్దుటి షిఫ్టు ఇంకా మానలేదు.

అరవై మూడు ఉత్తరాలు రాసినవాళ్లందరికీ జవాబులు రాశాను. సైట్ పాడై మీ ఉత్తరం చేరలేదు, తప్పు మాదే అని. ముప్పై ఒక్కమంది మళ్లీ మిక్సీ పంపుతామన్నారు. హాంబుర్గ్ ఆయన, నమ్మను గానీ పంపుతాను అన్నాడు.

మీరు ఏం చేయాలని అడిగారు కదా. ఏడుగురు మ్యూనిక్ చుట్టుపక్కల వాళ్లు. ముగ్గురు గార్చింగ్‌లో, ఇద్దరు మీ ఉంటర్‌ఫ్యోరింగ్‌లోనే, ఇద్దరు ఊళ్లో. వాళ్లు నా మెయిల్‌కి జవాబివ్వలేదు. వాళ్ల అడ్రసులు పంపుతున్నాను. ఒక్కొక్కరి ఇంటికీ మీరే వెళ్లండి. ఫోన్ చేసి కాదు, వెళ్లి. ఉత్తరాలు చేరకపోవడం మీ వల్లేనని చెప్పండి. ఇంకా నమ్మకం ఉన్నవాళ్ల మిక్సీ తీసుకుని, జార్లతో సహా గట్టిగా ప్యాక్ చేసి పంపండి.

అది చేశాక మనోజ్ఞ ఫోన్ ఎత్తుతుందని నేను మాటివ్వలేను.

శ్రీచరణ్


ఉంటర్‌ఫ్యోరింగ్
6 జూలై

చరణ్ బావగారికి,

ఏడు ఇళ్లకూ వెళ్లాను.

ఊళ్లో ఇద్దరిలో ఒకరు తలుపు తీయలేదు. రెండో ఆయన, వెంకటేశ్వర రావు గారని, తలుపు సగం తెరిచి నేను చెప్పిందంతా విని, కొత్తది కొనేశాం, పాతది చెత్తలో వేశాం, మీరు వచ్చిన పని అయిపోయింది అని తలుపు వేశారు. గార్చింగ్‌లో ఒక ఫ్లాట్లో నలుగురు చదువుకునే పిల్లలు. వాళ్లలో మూల కూర్చున్న అమ్మాయి నన్ను చూసి, మీరు ఐటీలో చేస్తారా, మరి బ్యాకప్ తీయలేదా అని అడిగింది. మిగతా ముగ్గురూ నవ్వారు. నేను నిలబడే ఉన్నాను. కూర్చోమని ఎవరూ అనలేదు, అనకపోవడమే బాగుందనిపించింది. వాళ్ల మిక్సీ, పక్క బిల్డింగ్ వాళ్లవి రెండూ ఒకే సంచిలో వేసుకుని ఊ-బాన్ రైలెక్కాను. ఎదురు సీటు ఆవిడ ఆ సంచి వంక దారంతా అనుమానంగా చూసింది.

ఉంటర్‌ఫ్యోరింగ్‌లో మొదటి ఇల్లు సులువుగానే అయింది. రెండో ఇంటి గురించి రాయాలి.

బెల్లు కొడితే విక్రాంత్ తలుపు తీశాడు. నా టీమ్‌లో చేస్తాడు. అడ్రసు పక్కన మీరు రాసింది అతని భార్య పేరు కాబట్టి నాకు తెలియలేదు. సర్ మీరా, అని కంగారుపడి లోపలికి రమ్మన్నాడు, నేనేదో ఆఫీసు పని మీద వచ్చాననుకుని. వెనక వంటింట్లో అతని భార్య, అత్తగారు. డబ్బాల మధ్య ఆగిపోయిన మిక్సీ.

మీకు తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. మా ఆఫీసులో మీ గురించి ఎప్పుడైనా వస్తే, హానోవర్‌లో మా బావ ఇండస్ట్రియల్ కన్సల్టెంట్ అని చెబుతూ వచ్చాను. రెండేళ్లుగా అదే మాట. విక్రాంత్ ఆ మాట కనీసం మూడుసార్లు విని ఉంటాడు.

మిక్సీ తీసుకెళ్లడానికి వచ్చానని చెప్పాను. వాళ్లు రాసిన ఉత్తరం పోవడానికి కారణం నేనేనని, సైట్ ఎలా పాడుచేశానో మొత్తం చెప్పాను. అన్నీ ఎంచుకుని ఒకేసారి నొక్కానన్నప్పుడు అతని మొహంలో ఒక కదలిక కనబడింది. రెండేళ్ల కిందట ఇదే తప్పుకి నేను అతన్ని అందరి ముందూ పట్టుకుని కడిగేశాను. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది. అతను మర్యాదస్తుడు, కుర్చీ జరిపి కూర్చోమన్నాడు.

వాళ్ల అత్తగారు మాత్రం మిక్సీ వైరు చుట్టి నా చేతిలో పెడుతూ అడిగారు: "ఇంతకీ ఈ బాగుచేసే ఆయన మీకేమవుతారు బాబూ?"

"మా చెల్లెలి భర్త, మా బావ" అన్నాను. "ఆయన పనే ఇది."

విక్రాంత్ నా వంక చూశాడు. నేను తల దించుకోలేదు.

అయిదు పార్సిళ్లు నిన్న పోస్ట్ చేశాను. విక్రాంత్ వాళ్ల జార్ కింద కప్లర్ అరిగిపోయినట్టుంది. తిప్పితే గరగరమంటోంది. నాకు తెలిసినంతలో చెబుతున్నాను. మీరు విప్పి చూడండి.

సాయికృష్ణ